అత్త అడిగిన చాయ్

పోశవ్వకు దేవుడు లేకపోయినా నడుస్తుంది, చాయ్ లేకపోతే నడవదు. అట్లాంటి మనిషి కన్న కొడుకు పోయి పోయి చాయ్ తాగని మతంలో కలిశాడు.

కొడుకు దశరథం మంచిర్యాల దగ్గర బొగ్గుగనిలో ఫిట్టర్. ఆరేళ్ల కింద అతనూ, భార్య బాలలక్ష్మీ కడవరి దిన పరిశుద్ధుల సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. బయటివాళ్లు వాళ్లను మార్మన్లు అంటారు. సారా, సిగరెట్ మానమంటే ఏ తల్లయినా సంతోషిస్తుంది. వీళ్లు చాయ్, కాఫీ కూడా మానేశారు. వంటింట్లోంచి చాపత్త డబ్బా మాయమైంది. పోశవ్వ మాత్రం సంఘంలో కలవలేదు. "మీ యేసు మంచోడే గని, చాయ్ వద్దనుడేందిరా?" అని, రోజూ పొద్దున్నే క్వార్టర్ల మూలమీది హోటల్‌కు నడిచిపోయి తాగి వచ్చేది. ఎవరి దారి వాళ్లదిగా ఆరేళ్లు బాగానే గడిచాయి.

మొన్న ఎండాకాలంలో ఆమె మంచాన పడింది. కరీంనగర్ దవాఖానలో డాక్టరు లివర్ మొత్తం పోయిందని చెప్పి, ఇంటికి తీసుకుపోయి ఏమడిగితే అది పెట్టమన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే.

దశరథం పరేషానయ్యాడు. సంఘం పెద్ద కొమురెల్లి కరీంనగర్ నుంచి వచ్చి, ముసలామె తలమీద నూనె చుక్క వేసి, చేతులుంచి ప్రార్థించి బయటికొచ్చాక, దశరథం అతన్ని వాకిట్లో నిలబెట్టి అవ్వకు చాయ్ ఇవ్వొచ్చా అని అడిగాడు. కొమురెల్లి నవ్వేశాడు. "అరే తమ్మీ, గా నియమం మనకు. అవ్వకెందుకు? మంచిగ చిక్కటి పాలు పోసి ఇయ్యుండ్రి." బాలలక్ష్మి వైపు తిరిగి, "సిస్టర్, చేసిస్తె మీకేం పాపం తగలదు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు. దశరథం ఆ సాయంత్రమే పావుకిలో చాపత్త తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

ఆ చేతి సంగతి చెప్పాలి. పంతొమ్మిదేళ్ల కింద బాలలక్ష్మి కోడలుగా వచ్చినప్పుడు పోశవ్వ ఇంటిల్లిపాదికీ చాయ్ పోసి, వడగట్టిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి మరగబెట్టి కోడలికిచ్చేది. పాలుండవు, చక్కెరుండదు. మూడో నెల కడుపుతో వాంతులై, నోరు చేదెక్కి, ఒక్కసారి పాలచాయ్ అడిగితే, "దొరసాని దిగింది" అని చుట్టాలందరి ముందూ చేతులూపి నవ్వింది. బాలలక్ష్మి ఏడవలేదు. దాచుకుంది. బాప్తిస్మం నీళ్లలో మునిగి లేచినప్పుడు పాపాలన్నీ పోయాయన్నారు. ఇది మాత్రం పోలేదు.

మరునాడు దశరథం మొదటి షిఫ్టుకు పోయాడు. పోశవ్వ కళ్లు తెరిచి, "బాలలక్ష్మీ, జర చాయ్ పొయ్యే బిడ్డా" అంది.

"నీ కొడుకు వద్దన్నడత్తా. పాపమట" అంది బాలలక్ష్మి.

అంత సులువుగా వచ్చింది ఆ మాట. నోరు దాటాక తనే ఉలిక్కిపడింది. కానీ ముసలామె ముఖం వాడిపోవడం చూస్తే లోపల చల్లగా అనిపించింది, అదీ నిజమే.

"నా దశరథం అన్నడా?"

"ఆ. నీ దశరథమే."

పోశవ్వ మళ్లీ అడగలేదు. కొడుకు కాళ్లు పట్టుకుని చాయ్ అడుక్కునే మనిషి కాదు ఆమె. బాలలక్ష్మికి ఆ సంగతి బాగా తెలుసు. తెలిసే అన్నది.

పొట్లం తరగకపోతే మొగుడికి అనుమానం వస్తుంది కదా. అందుకని రోజూ రెండు చెంచాలు తీసి పెరట్లో బీరపాదు మొదట్లో పోసేది. ఇంట్లో ఒక మనిషి గొంతు తడవకపోయినా పాదు మాత్రం ఏపుగా పెరిగింది. పక్క క్వార్టరు అనసూర్య ఒకసారి గ్లాసులో చాయ్ తెస్తే, "డాక్టర్ వద్దన్నడక్కా" అని గుమ్మంలోనే తిప్పి పంపింది.

నాలుగోనాడు షిఫ్టు దిగి వచ్చిన దశరథం తల్లి మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, ముద్దుగా, "అవ్వా, చాయ్ మంచిగుంటున్నదానే?" అన్నాడు.

పోశవ్వ కొడుకు వైపు చూసింది. తానే వద్దని, తానే వెక్కిరిస్తున్నాడు అనుకుంది. చెయ్యి లాక్కుని గోడవైపు తిరిగింది.

"ఏమైందే?" అని అతను ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు. ఆ పూట నుంచి కొడుకుతో మాట్లాడలేదు. వంటింట్లోంచి బాలలక్ష్మి అంతా విన్నది. ఇప్పుడు పోయి చెప్పేస్తే అయిపోతుంది. కానీ ఎవరికి ఏమని చెప్పాలి? రేపు చూద్దాంలే, ఒక్క గ్లాసు చాయ్ పోసి సరిచేద్దాంలే అనుకుంది. అట్లా ఐదు రేపులు గడిచాయి. తొమ్మిదోనాడు పొద్దున పోశవ్వ గోడవైపు తిరిగే చనిపోయింది.

నెల మొదటి ఆదివారం సంఘంలో అందరూ ఉపవాసముంటారు. ఎవరికి తోచిన సాక్ష్యం వాళ్లు లేచి చెబుతారు. ఆ ఆదివారం దశరథం లేచాడు. "మా అవ్వ ఆఖరికి నాతోని మాట్లాడలే. ఎందుకో సమజ్ కాలే. గని నా భార్య, తాను ముట్టని చాయ్ తన చేతులతోటి చేసి, తొమ్మిది దినాలు మా అవ్వకు పోసింది. గా రుణం నేను తీర్చలేను" అని చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్లొచ్చి బాలలక్ష్మిని కావలించుకున్నారు. ఆమె కూడా ఏడ్చింది. అందరూ మెచ్చుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ఆ సంఘంలో చావుతో ఏదీ ఆగదు. చనిపోయినవాళ్ల పేరుమీద బతికున్నవాళ్లు దేవాలయంలో బాప్తిస్మం తీసుకోవచ్చు. తర్వాత కొడుకును తల్లితో, భార్యను భర్తతో ముద్ర వేసి శాశ్వతంగా కలుపుతారు. ఇక ఆ కుటుంబానికి పైలోకంలో కూడా విడిపోవడమంటూ ఉండదు. ఆడమనిషి పేరుమీద ఆడమనిషే మునగాలి. "నువ్వే మునుగాలె. నీకంటె హక్కు ఎవలకున్నది?" అన్నాడు దశరథం.

దేవాలయానికి పోవాలంటే ముందు సంఘం పెద్దతో ముఖాముఖి ఉంటుంది. కొమురెల్లి తలుపు దగ్గరికి వేసి ఒక్కొక్క ప్రశ్నే అడిగాడు. "అన్ని విషయాలల్ల నిజాయితీగ ఉంటున్నరా సిస్టర్?"

"ఉంటున్న" అంది బాలలక్ష్మి. అతను సంతకం పెట్టిన కాగితం చేతికిచ్చాడు.

కరీంనగర్ నుంచి తిరుగు బస్సులో దశరథం ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది. చనిపోయినవాళ్లు ఒప్పుకుంటేనే ఆ బాప్తిస్మం చెల్లుతుందని ఆమెకు గుర్తుంది. ఆరేళ్లుగా సంఘం నేర్పిన మాటలే వల్లించిన బాలలక్ష్మి, మొదటిసారి గుండె లోతులోంచి ప్రార్థించింది. తండ్రీ, అత్త మొండిది, వద్దనేటట్టు చెయ్యి.

"అత్త ఒప్పుకుంటదంటవా?" అంది మెల్లగా.

"నన్ను చూసి కాకున్నా నిన్ను చూసి ఒప్పుకుంటది. నువ్వు చేసిన సేవ మర్చిపోతదా?" అన్నాడతను. మళ్లీ తనే, "పైకి పోయినంక ముందుగాల గదే అడుగుత. ఎందుకే అవ్వా, నాతోని మాట్లాడకపోతివి అని. చెప్పకపోతదా? నువ్వు గూడ పక్కనే ఉంటవు గద" అన్నాడు.

"ఉంట" అంది బాలలక్ష్మి. "ఇగ యాడికి వోత?"