కుండ పట్టిన చెయ్యి

ఆ ఒక్క పదాన్నీ తీసేస్తే సమీకరణం ఎంత నిశ్శబ్దమైపోతుందో, అనుకుంటోంది ఇర్మె, మోకాళ్ళదాకా వాగులో నిలబడి, కొత్త కుండను రెండు చేతులా పక్కకు వంచి పట్టుకుని, చల్లదనం ముంజేతుల మీదుగా పైకి పాకుతుంటే, హైదరాబాదులో తన పరిశోధనకు దారి చూపే రాజశేఖర్ సారు గదిలోని తెల్లబోర్డు ఈ నీళ్ళమీద ఎందుకు తేలుతోందో తెలియక, ఎందుకమ్మా పెట్టావు ఈ పదాన్ని, సిద్ధాంతం అడిగిందా, నువ్వు అడిగావా, అన్నారాయన, కోపంగా కాదు, కోపమైనా బాగుండేది, ఆమె వెతుకుతున్నది కృష్ణపదార్థాన్ని, నక్షత్రమండలాలను బరువుతో పట్టి ఉంచుతూ ఏ దుర్భిణికీ కనబడనిదాన్ని, అది కాంతికన్నా, గురుత్వంకన్నా ఎక్కువ స్పిన్, కణానికి పుట్టుకతో వచ్చే తిరుగుడు, ఉన్న కణాలతో తయారై ఉంటే ఎలా ఉంటుందన్నదే ఆమె పరిశోధన, స్పిన్ పెరిగేకొద్దీ కణంలో దిక్కులు పెరుగుతాయి, దిక్కులు పెరిగేకొద్దీ మామూలు పదార్థంతో చెయ్యి కలిపే దారులు మూసుకుపోతాయి, విశ్వం తొలిక్షణాన విచ్చుకున్న విసురుకు పుట్టి, ఆపైన ఎవరినీ తాకక, ఎక్కడా వెలగక, బరువొక్కటే మిగుల్చుకున్న కణం, అంత ఒంటరితనాన్ని ఆమె భరించలేకపోయింది, ఒక చిన్న అక్షరాన్ని, ఆ పదాన్నే, తన చేత్తో సమీకరణంలో చేర్చింది, ఏదో ఒకనాడు ఏదో ఒక గని అడుగున దాచిన పరికరంలో ఒక్క మినుకు కనబడేంత, అంతే, అంతకన్నా ఏమీ కోరలేదు.

కదలకే, అంటున్నాడు ఒడ్డుమీంచి పెదనాయన ముసలయ్య, చెయ్యి కదిపితే ఎట్లొస్తడే నీ అన్న, చచ్చినవాడి జీవం నీళ్ళలో తిరుగుతుందట, తోడబుట్టినది కుండ పడితే చేపపిల్లగానో ఎండ్రకాయగానో తనంత తానే లోపలికొస్తుందట, ఇంటికి తీసుకుపోయి పెద్దల పక్కన కూర్చోబెట్టుకోవచ్చట, ఏదీ రాకపోతే మనిషి బతికే ఉన్నట్టట, పోయిన ఏడూ ఏదీ రాలేదు, అంతకుముందూ రాలేదు, పట్నంల సదివి కుండ పట్టుడు మర్సినట్టుంది పిల్ల, అని వెనకనుంచి ఎవరో ముసలామె అంటే ఆడవాళ్ళు నవ్వారు, అమ్మ సోమి నవ్వలేదు, అటు తిరిగి నిలబడింది, వాగుకు వీపు పెట్టి, చూడకపోతే జరగదన్నట్టు.

అన్న పొజ్జా ఆనాడు మిరపకోతలనుంచి తిరిగొస్తున్నాడు, తర్లగూడలో బస్సు దిగాడు, ఎవరో పిలిచారు, చెట్లలోకి నడిచాడు, ఎవరు పిలిచారో చూసినవాళ్ళు ఉన్నారు, చెప్పేవాళ్ళు లేరు, దారిపక్కన అతని ఎండుమిరప మూట మిగిలింది, దానిలో కాయ ఒక్కటైనా అమ్మ కూరలో వెయ్యదు, పోలీసు థానాలో గుమ్‌షుదా అని రాసుకున్నారు, తప్పిపోయాడట, దారి తెలియని పిల్లవాడైనట్టు, తరువాత జీపు నడిపే సతీష్ చర్ల దగ్గర తోటల్లో మూతికి తువ్వాల చుట్టుకున్న మనిషినొకణ్ణి చూశానన్నాడు, నడక అచ్చం పొజ్జాదేనన్నాడు, ఆ నడకను ఇర్మె ఎంత పదిలంగా పెంచింది, ఫోన్ చేసినప్పుడల్లా అమ్మకు చెప్పేది, ఉన్నాడమ్మా, వస్తాడమ్మా, భయపడి దాక్కున్నాడంతే, చదువుకున్న కూతురి మాట కదా, అమ్మ ఊళ్ళో అందరికీ చెప్పింది, వదినకూ చెప్పింది.

వదిన, బుధ్రి, పొద్దున దారిలో కుండ అందిస్తూ అన్నది, నువ్వన్న సెప్పు ఇర్మె, నేను ముండమోసినదాన్నా, మొగుడున్నదాన్నా, బొట్టు పెట్టుకుంటే ఒకరు సూస్తరు, పెట్టుకోకుంటే మీ అమ్మ ఏడుస్తది, నన్ను చేసుకుంటనన్న లక్ష్మణ్ ఇంకో ఏడు ఆగనంటుండు, ఆగమని ఏ మొఖం పెట్టుకోని సెప్పాలె, చచ్చినవాణ్ణి ఇంటికి తేనిదే వదిన మారుమనువుకు గడప దాటకూడదు, తెచ్చాక ఎవరూ ఆపరు, నవ్వుతూనే అన్నది, నీ సదువుల గిసుంటి లెక్కలుండయా ఏంది, ఇర్మె కుండ అందుకుని ముందుకు నడిచింది, ఉంటాయి వదినా, అవే ఉంటాయి, అనుకుంటూ.

నీళ్ళలో ఏదో వెండిగీతలా మెరిసింది, ఇసుకరంగు చేపపిల్ల, వేలిగోరంత, కుండ మూతిదాకా వచ్చి ఆగింది, లోపలి చీకటిని చూస్తున్నట్టు, అప్పుడు ఇర్మె తన మణికట్టును చూసింది, అది లేస్తోంది, ఆమె లేపడంలేదు, అదే లేస్తోంది, వెంట్రుకవాసి, కుండ అంచు కదిలి నీరు వణికి చేప వెనక్కి జారింది, పోయిన ఏడు కూడా ఇలాగే నీరు వణికింది, అంతకుముందూ వణికింది, ప్రవాహం అనుకుంది, అన్న బతికున్నాడనుకుంది, ఖాళీ కుండను అమ్మ చేతిలో పెట్టి చూశావా అన్నది, సిద్ధాంతం అడిగిందా, నువ్వు అడిగావా.

తీసేసింది, మనసులోని తెల్లబోర్డుమీంచి ఆ చిన్న అక్షరాన్ని, చర్ల తోటల్లోని ఆ నడకను, సమీకరణం నిజంగానే నిశ్శబ్దమైంది, ఏ పరికరంలోనూ ఏ మినుకూ లేదు, ఎన్నటికీ ఉండదు, బరువు మాత్రం అలాగే ఉంది, వాగుకు వీపు పెట్టిన అమ్మలో, విప్పని మిరప మూటలో, గడప దగ్గర ఆగిపోయిన వదిన పాదాల్లో, కదలకే, అంటున్నాడు పెదనాయన, కదలను, అనుకుంది, మోచేతులు పక్కటెముకలకు అదిమింది, ఊపిరి బిగబట్టింది, చేపపిల్ల మళ్ళీ వచ్చింది, మూతి దగ్గర ఆగింది, లోపలికి వచ్చింది, కుండ బరువు ఏమీ పెరగలేదు, వచ్చిండా, అని అటు తిరిగే అడిగింది అమ్మ, ఇన్నాళ్ళూ అన్న వస్తూనే ఉన్నాడు, రానివ్వనిది ఈ చెయ్యే, వచ్చిండమ్మా, అన్నది ఇర్మె.