కాలు విరగ్గొట్టుకోమన్న అల్లుడు

పుత్తూరు పక్కన ఒక ఊళ్లో, ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతానికి అది ఆఖరు రోజు. పొద్దున్నే దుర్యోధన వధ. దుర్యోధనుడి వేషం కుప్పయ్యది. మొహానికి రంగు పూసుకుంటూ ఉంటే ఫోనుకు మెసేజి వచ్చింది. అల్లుడు రూపేష్ పంపాడు, ఇంగ్లీషులో.

కుప్పయ్య భార్య పోయిన రోజు, చితి పక్కన నిలబడి ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడాడని ఆయన అల్లుణ్ణి గడప తొక్కొద్దన్నాడు. రెండేళ్లయింది. కూతురు పవిత్ర ఒక్కతే వచ్చిపోతూ ఉంటుంది.

భీముడి వేషం కట్టే మునిప్రసాద్‌కు ఫోను చూపించాడు. అతను చదివి చెప్పాడు.

"బ్రేక్ ఎ లెగ్ అని ఉండాదబ్బా. కాలు విరగ్గొట్టుకోమంటాడు."

"ఎవురి కాలు?"

"నీకు గదా పంపించినాడు. నీదే."

కుప్పయ్య ఆశ్చర్యపోలేదు. అల్లుడి నోట అంతకంటే మంచి మాట వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"ఆ పని నాది గదప్పా," అన్నాడు మునిప్రసాద్, గద భుజానికెత్తుకుంటూ. "నాకు పంపించుండాల్సింది."

కుప్పయ్య కూతురికి ఫోను చేశాడు. "మీ ఆయనకు చెప్పు. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కట్టేవాళ్లకు కొదవ లేదు. ఆయన దిగులు పడే పన్లేదు."

"అది తిట్టు గాదు నాయనా. వేషం కట్టేవాళ్లను బాగా ఆడమని ఇంగ్లీషులో అట్లంటారు. మంచి మాటంటే దిష్టి తగుల్తుందంట."

"మంచి కోరేవాడు చెడ్డమాట అంటాడా?"

"బియ్యం అయిపోతే అమ్మ ఏమనేది? నిండుకున్నాయనేది గదా. డబ్బా బోర్లిస్తే గింజ రాలేది గాదు. మనం అట్ల. వాళ్లు ఇట్ల."

కుప్పయ్య ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"యాడుండాడు?"

"గుడి బయటే, కార్లో. నువ్వు కసురుకుంటావని దిగలేదు. ఏం రాయాల్నో తెలీక ఇది రాసినాడు."

ఆట మొదలైంది. భీముడు తొడ మీద కొట్టాడు. కుంకుమ నీళ్లు చిందాయి. కుప్పయ్య పడిపోయాడు. ఆడవాళ్లు ఏడ్చారు. జనం కదిలాక రూపేష్ వచ్చి లేపడానికి చెయ్యి అందించాడు. కుప్పయ్య ఆ చెయ్యి పట్టుకోలేదు. తనే లేచి పంచె దులుపుకున్నాడు.

"బాగా ఆడినారు మామా."

"తెలుసు." మొహం మీద రంగు తుడుచుకున్నాడు. "ఇంట్లో సంగటి ఉండాది. వచ్చి తిను."

రూపేష్ ఏదో చెప్పబోయాడు.

"తినమన్నాను. మాట్లాడమన్లేదు."