పిన్ను అక్కర్లేని ముసుగు

ప్రిసిల్లా టీచరుకు దేవుడిచ్చిన జుట్టు ఒకటి, ఆమె ముప్పై ఏళ్లుగా అందరికీ చూపిస్తున్న జుట్టు ఇంకొకటి. మొదటిదాన్ని మెట్టుగూడలో చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా ఈపాటికి మర్చిపోయి ఉంటారని ఆమె ఆశ.

చిన్నప్పుడు తల్లి రోసమ్మ గిన్నెడు కొబ్బరినూనె పట్టించి, కళ్లు పైకి లాక్కుపోయేంత బిగువుగా రెండు జడలు వేసి బడికి పంపేది. రెండో పీరియడుకల్లా నుదుటి దగ్గర ఉంగరాలు లేచి కూర్చునేవి. ఇంటర్లో ఉండగా పెదనాన్న కూతురు జెరూషా ఆమె తలను టేబుల్ మీద ఆనించి, జుట్టు మీద పాత పేపరు పరిచి, బట్టల ఇస్త్రీపెట్టెతో చదును చేసింది. ఏం మాడిందని పక్కింటావిడ వచ్చి అడిగింది. డిగ్రీలో బాబ్ కట్ చేయించుకుంటే, బరువు తగ్గిన జుట్టు కిందికి దిగడం మానేసి పైకీ పక్కలకీ పోయింది. ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లంతా పార్లర్లలో గంటలకొద్దీ కూర్చుని ఉంగరాలు తిప్పించుకునే కాలం వచ్చింది. "మీకు పుట్టుకతోనే ఉన్నాయి, అదృష్టవంతులు" అని పార్లరావిడ మనస్ఫూర్తిగా అంటే, వెక్కిరిస్తోందనుకుని ప్రిసిల్లా పార్లరే మార్చేసింది. అప్పట్నుంచి ఉంగరాలు చదును చేయడానికి స్ట్రెయిటనింగ్, దాని తర్వాత స్మూతనింగ్, ఇప్పుడు కెరాటిన్. పేరు మారినప్పుడల్లా ఇక ఇదే ఆఖరు అనుకునేది.

రోసమ్మ మాత్రం ఇన్నేళ్లూ ఒకే మాట పట్టుకుని కూర్చుంది. "మా ప్రిస్సీకి చర్చిలో ముసుగుకి పిన్ను అక్కర్లేదు." కొంగు ఆ ఉంగరాలను పట్టుకుని కదలకుండా ఉండేదన్నమాట. తల్లి ఆ మాట గొప్పగా చెబుతోందో, దెప్పుతోందో ప్రిసిల్లాకు తేలలేదు. దెప్పడమే అని ఖాయం చేసుకుంది. ఆ చెప్పే ఆవిడ జుట్టూ ఉంగరాలదే. ఎనభై ఏళ్లొచ్చినా రోజూ నూనె రాసి, ఒక్క వెంట్రుక బయటికి రాకుండా కొప్పులోకి కుక్కి పిన్నులతో బిగించేది.

ఈ ఏడు స్త్రీల ఆదివారం నాడు ప్రసంగం ప్రిసిల్లాకు వచ్చింది. ఆ ఒక్కరోజు పాస్టరు అయ్యగారు కింద బెంచీలో కూర్చుంటారు, ఆరాధన మొత్తం ఆడవాళ్లదే. ఏళ్ల తరబడి ప్రిసిల్లాకు ప్రకటనలు చదవడం, టీలు పంచడం దక్కాయి గానీ ప్రసంగం దక్కలేదు. స్త్రీల సమాజం కార్యదర్శి హదస్సా ప్రతి ఏడూ "ఎవరూ ముందుకు రాకపోతే నేనే చెప్తాను" అనేది, ఎవరైనా ముందుకు వచ్చేలోపే చెప్పేసేది. ఈసారి ప్రిసిల్లా ముందే చెయ్యెత్తింది. బడిలో పిల్లలు ఎలాగూ వినరు, ఇంట్లో భర్త సగమే వింటాడు. ఒక్కసారి తన మాట నలుగురూ చివరిదాకా వినాలని ఆమె కోరిక. నెలరోజుల పాటు రాసింది, కొట్టేసింది, వంటింట్లో కుక్కరుకు ప్రసంగించింది. విషయం, పైపై రూపం గురించి బెంగపడకూడదని.

అంత మంచి విషయం చెప్పేటప్పుడు తల బాగుండాలి కదా అని శుక్రవారం వెళ్లి కెరాటిన్ చేయించుకుంది.

"మూడు దినాలు నీళ్లు తాకనియ్యొద్దు మేడమ్" అంది పార్లర్ నడిపే కల్పలత. "రబ్బరు, క్లిప్పు, పిన్ను ఏదీ పెట్టొద్దు. చెవి ఎనకకి సుత నెట్టొద్దు, గీత పడ్తది."

ప్రిసిల్లా బుద్ధిగా తలూపింది. తలూపితే జుట్టు పట్టులా ఊగి మళ్లీ దాని చోటుకి అది వచ్చేసింది. ఆ ఊగడం చూసుకుంటూ ఆనందంగా ఇంటికి వచ్చింది.

శనివారం సాయంత్రం అద్దం ముందు రిహార్సల్ మొదలుపెట్టాక తెలిసింది సంగతి. కొత్త పట్టుచీర కొంగు తలమీద కప్పుకుని "ప్రియమైన సంఘమా" అనేసరికి కొంగు భుజం మీద ఉంది. మళ్లీ కప్పుకుంది, మళ్లీ జారింది. ఒక చెయ్యి కొంగుకి పోతే, రెండో చెయ్యి మైకుకి పోతే, కాగితాలు ఎవరు తిప్పుతారు? ముసుగు లేకుండా ఆ చర్చిలో ప్రసంగించిన ఆడది ఇంతవరకు లేదు.

ఆమె భర్త రోనాల్డ్ రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, ఏ రిపేరుకైనా వెనకాడడు. "ప్రిస్సీ, నువ్వు పరేషాన్ గాకు" అని రెండువైపులా అంటుకునే టేపు తెచ్చి ఆమె నడినెత్తిన అతికించాడు. కొంగు టేపుని వదల్లేదు. టేపే జుట్టుని వదిలేసి కొంగుతో పాటు కిందికి వచ్చింది.

"ఏదీ నిలుస్తలేదు" అన్నాడు మెచ్చుకోలుగా. "పార్లరామె మంచిగనే చేసింది."

ప్రిసిల్లా కల్పలతకు ఫోన్ చేసి, ఒక్క పిన్ను, సన్నదే, పెట్టుకోనా అని బతిమాలింది. "పెట్టుకుంటే మీ ఇష్టం మేడమ్. గ్యారంటీ మాత్రం పోతది" అంది కల్పలత. గ్యారంటీ పోగొట్టుకునే ధైర్యం ప్రిసిల్లాకు లేకపోయింది. రేపు మెడ తిప్పకుండా మాట్లాడదామని నిశ్చయించుకుని పడుకుంది.

తెల్లారేసరికి వాన. మైకు సెట్ చేయాలని రోనాల్డ్ ముందే వెళ్లిపోయాడు. ప్రిసిల్లా ఆటో పిలిచి, తల్లి తడవకుండా ఆమెను లోపలికి కూర్చోబెట్టి, తను ఎడమ చివర కూర్చుంది. తలమీద స్వీటు షాపు కవరు కప్పుకుని చేత్తో పట్టుకుంది.

"పరదా చినిగింది మేడమ్, జెర లోపలికి జరుగుండ్రి" అన్నాడు ఆటో అతను.

లోపల రోసమ్మ, ఆమె చేతిసంచి, గొడుగు, ఆరాధన తర్వాత పంచాల్సిన కేకుల డబ్బా ఉన్నాయి. జరగడానికి చోటు లేదు. ఆలుగడ్డబావి మలుపులో గాలి కవరును లాక్కుపోయింది. చర్చి చేరేదాకా ఎడమవైపు జల్లు కొడుతూనే ఉంది.

వేదిక పక్కన, అయ్యగారు తయారయ్యే వెస్ట్రీ గదిలో చిన్న అద్దం ఉంది. దానిలో చూసుకుని ప్రిసిల్లా కుర్చీలో కూలబడింది. కుడివైపు జుట్టు శుక్రవారం చేయించుకున్నది చేయించుకున్నట్టే నున్నగా వేలాడుతోంది. ఎడమవైపు మాత్రం ఉంగరాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకున్నట్టు లేచి నిలబడ్డాయి. కొంగు కప్పుకుంటే ఎడమపక్క ఆగింది, కుడిపక్క జారింది.

అప్పుడే తలుపు తోసుకుని హదస్సా వచ్చింది. ఆమె ముసుగు రెండు పిన్నులతో నిటారుగా నిలబడి ఉంది.

"అయ్యో అక్కా, ఇదేంటి ఇలా అయింది? ఈ తలతో మీరు పైకెక్కితే పిల్లలు నవ్వుతారు. మీరు కూర్చోండి, నేను చెప్పేస్తాలే. నా బ్యాగులో ఎప్పుడూ ఒక ప్రసంగం ఉంటుంది."

"పాట అయ్యేలోపు ఏ సంగతీ చెప్తాను" అంది ప్రిసిల్లా.

హదస్సా గుమ్మంలోనే నిలబడి బ్యాగు జిప్పు తీయడం మొదలుపెట్టింది. బయట క్వయిరు ప్రసంగానికి ముందరి పాట ఎత్తుకుంది. ఆ జిప్పు చప్పుడుకి ప్రిసిల్లాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లకు వచ్చిన అవకాశం సగం తల కోసం పోతోంది. ఆమె మళ్లీ అద్దంలో చూసింది. అటూ ఇటూ గట్టిగా తలూపింది. ఎడమపక్క కొంగు అంగుళం కదల్లేదు.

వెస్ట్రీ వెనక, గిన్నెలు కడిగే కుళాయి ఉంది. ప్రిసిల్లా లేచి వెళ్లి, కొంగు తీసి భుజాన వేసుకుని, తల కుడివైపును దాని కింద పెట్టి కుళాయి తిప్పింది. ఆలస్యమైందేమని చూడటానికి వచ్చిన రోనాల్డ్ అక్కడే ఆగిపోయాడు.

"కెరాటిన్ పోతది ప్రిస్సీ" అన్నాడు.

"పోనీండి" అంది, నీళ్ల కింద నుంచే. అన్నాక ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

రోనాల్డ్ తన జేబురుమాలు ఇచ్చాడు. ఆమె పైపైన తుడుచుకుని, కొంగు కప్పుకుని, హదస్సా పక్కనుంచి వేదిక ఎక్కింది. చర్చి అంతా ఒక్క క్షణం చూసింది. ముసుగు అంచు కింద నుంచి నుదుటి నిండా, చెవుల పక్కన, తడితడిగా ఉంగరాలు. పిల్లలు నవ్వనే నవ్వారు. ప్రిసిల్లాకూ నవ్వొచ్చింది. రాసుకొచ్చిన మొదటి కాగితం పక్కన పెట్టేసి ఇస్త్రీపెట్టె సంగతి చెప్పింది, పార్లరు మార్చిన సంగతి చెప్పింది, శుక్రవారం సంగతి కూడా దాచలేదు. ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, తరగతి గదిలో కన్నా ధాటిగా మాట్లాడింది. సంఘం నవ్వింది, నవ్వడం ఆపి విన్నది. అయ్యగారు వాచీ చూసుకోలేదు. ఆమెన్ అనేదాకా ముసుగు జారలేదు.

ఆ ఆమెన్ తర్వాతి నిశ్శబ్దంలో, చెవులు సరిగ్గా వినపడని మనిషి కాబట్టి రోసమ్మ గొంతు చర్చి మొత్తానికీ వినపడింది. "చూశారా? పిన్ను లేదు."

ఆ గొంతులో దెప్పు లేదు. ఎన్నడూ లేదు. ప్రిసిల్లా వేదిక మీదే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఆరాధన అయ్యాక ఫోన్ మోగింది. కల్పలత. "మేడమ్, హెయిర్ ఎట్లుంది?"

"నా జుట్టులాగే ఉందమ్మా" అంది ప్రిసిల్లా.

బయట వాన ఇంకా పడుతోంది. ఆటో రాగానే ప్రిసిల్లా తల్లిని లోపలికి ఎక్కించబోయింది. రోసమ్మ మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. ఒక చేత్తో కూతురిని పట్టుకుని, రెండో చేత్తో కొప్పులోని పిన్నులు ఒక్కొక్కటే లాగి కూతురి చేతిలో పోసింది.

"నువ్వు లోపలికి జరగవే" అంది. "ఈసారి ఆ చివర నేను కూర్చుంటాను."