మూడు కలిసే వార్డు

పొద్దున్న వార్డులో పనులన్నీ ఎప్పుడూ ఒక తీరుగానే మొదలయ్యేవి. ఊడ్చే మనిషి ఫినాయిలు నీళ్ళు చల్లి వెళ్ళేది. క్యాంటీను నుంచి ఇడ్లీల గిన్నె వచ్చేది. ఆ వెనకే నర్సు నీలవేణి వచ్చి కుర్చీలో కూలబడి, ఒక చేత్తో ఇడ్లీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకునేది. ఫోనులో ఆట, తెర నిండా రంగురంగుల పండ్లు. వేలితో ఒకదాన్ని పక్కకి జరిపి మూడు ఒకే రంగువి కలిపితే టప్పున మాయమయ్యేవి, పైనుంచి కొత్తవి జారేవి. ఇడ్లీ అయ్యేదాకా అదే పని. అది అయ్యాక చెయ్యి కడుక్కుని, చీరకొంగు దోపి, మంచాలు జరపడం మొదలుపెట్టేది.

ఆ మంచాల సంగతి విజయనగరంలో అందరికీ తెలిసిందే. మూడు వరసల చక్రాల మంచాలు. జ్వరానికి ఎర్ర దుప్పటి, కామెర్లకి పసుపు, కడుపునొప్పికి ఆకుపచ్చ, ఆయాసానికి నీలం. ఒకే రంగువి మూడు పక్కపక్కన చేరితే టప్పుమని చిన్న చప్పుడయ్యేది. ఆ ముగ్గురూ లేచి కూర్చుని చెప్పులెక్కడని అడిగేవారు. వాళ్ళు వెళ్ళగానే మిగిలిన మంచాలు వాటంతటవే దొర్లి సర్దుకునేవి, గుమ్మం వైపు నుంచి కొత్తవాళ్ళు వచ్చేవారు. పక్కపక్కనున్న రెండు మంచాలనే మార్చాలి. మార్చినా మూడు కలవకపోతే ఆ రెండూ కిర్రుకిర్రుమంటూ తమ చోటికి తామే వచ్చేసేవి. డాక్టరుగారు మాత్రం మందులు మానొద్దని అందరికీ ఒకే మాట చెప్పి వెళ్ళేవారు.

లక్ష్మణమ్మకి ఇవేవీ నచ్చలేదు. సముద్రపొడ్డు నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి ఆవిడ. సొంత అన్న వలలో పడిన చేపనైనా మొప్ప ఎత్తి చూడందే కొనేది కాదు. మొగుడు ఎర్రన్నకి ఆయాసం ముదిరి ఈ వార్డుకి తెచ్చినప్పటి నుంచీ నర్సునే కనిపెట్టి చూస్తోంది.

"మావా, ఆ సిస్టరమ్మ కన్ను నీ మంచం మీదే ఉన్నాది. ఫేను కింద చోటు ఎవులికో మాటిచ్చీసినట్టున్నాది" అంది నెమ్మదిగా.

"ఒసే, నాకు ఊపిరాడక సస్తంటే... నీకు దొంగలు కనపడతన్నారేటి?" అన్నాడు ఎర్రన్న మాట మాటకీ ఆగుతూ.

ఆమె వినలేదు. సంచిలోంచి వల తాడు తీసి, మంచం కాలిని కిటికీ ఊచకి బిగించి కట్టేసింది. పడవ ముడి. వేసినవాళ్ళకి తప్ప ఊడదు.

ఆ రోజు నుంచి వార్డు మొరాయించింది. నీలవేణి ఏ మంచం మార్చినా కిర్రుమంటూ వెనక్కి వచ్చేసేది. ఏ ముగ్గురూ కలవలేదు, ఒక్కరూ ఇంటికి వెళ్ళలేదు. రోగుల తాలూకు జనం తాడుకేసి చూసేవారు గానీ, లక్ష్మణమ్మ నోటికి జడిసి ఎవరూ కదిపేవారు కాదు.

ఒక మధ్యాహ్నం నీలవేణే వచ్చి మంచం అంచున కూర్చుంది. "అమ్మా, ఆ తాడు ఇప్పు. మీ ఆయన్ని ఒక్క మంచం ముందుకి జరపాలి."

"జరిపితే మా మావకి నయమవతాదా?"

"అవదు. ఇటొకరు, అటొకరు ఎర్ర దుప్పటోళ్ళు. ముందు వరసలో ఆ హేమ ఉంది చూడు, ఆ పిల్లదీ జ్వరమే. ఆమె ఇక్కడికొస్తే ముగ్గురూ లేస్తారు."

"మరి మా మావ?"

"తర్వాత ఏం జారి వస్తాదో నాకు తెలీదు. అబద్ధమెందుకు చెప్పాలి?"

అబద్ధం చెప్పి ఉంటే లక్ష్మణమ్మ అంత బెదిరేది కాదు. బేరంలో ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"నీకిదంతా ఆటలాగున్నాది సిస్టరమ్మా. మనుసులు సస్తంటే నువ్వు రంగులు సూసుకుంటన్నావు."

నీలవేణి ముఖం ఎర్రబడింది. "అవును, ఆటలాగే ఉంటాది. బాగుంటాది కాబట్టే జరుపుతున్నాను. ఈ ఇనప మంచాలు ఉత్త జాలితో జరపమంటే మర్నాటికే నడుం పడిపోద్ది."

"ఏటుంటాది అంత బాగు?"

నీలవేణి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

లక్ష్మణమ్మ ముందు ఆ అద్దాన్ని కరిచే పీతని ముట్టుకున్నట్టు ముట్టుకుంది. ఒక పండు జరిపింది. అది వెనక్కి వచ్చేసింది. ఇంకోటి జరిపింది, అదీ అంతే. ఇంతలో కన్ను పట్టేసింది. బుద్ధి కంటే ముందు కన్నే పట్టింది. గుమ్మరించిన చేపల కుప్ప ముందు కూర్చుంటే కానాగంతలు ఇటు, కవళ్ళు అటు, చెయ్యి దానంతట అదే ఏరుతుంది కదా, అలాగ. మూడు నారింజలు టప్పున పోయాయి. పైనుంచి జారినవి తమలో తామే కలిసి మళ్ళీ టప్పుమన్నాయి. ఆ జారుడుకి ఇంకో మూడు. ఆమె జరిపింది ఒక్క పండునే. మిగతావి అడక్కుండానే వచ్చాయి. గంప ఎత్తిన నాటి నుంచి అడక్కుండా ఆమెకి ఏదీ రాలేదు. అందుకే ఒళ్ళు పులకరించింది. అందుకే అనుమానం మరీ ఎక్కువైంది.

కాసేపటికి ఆట ఆగిపోయింది. ఎటు జరిపినా కదలదు. మధ్యలో ఒక పండుకి గొలుసు కట్టి ఉంది.

"దీనికి ఈ గొలుసేటి?"

"అది కదలదు. అది కదలనంతసేపూ చుట్టుపక్కలవి కూడా కదలవు."

లక్ష్మణమ్మ తలెత్తి నర్సు కళ్ళలోకి సూటిగా చూసింది. "కావాలనే ఇదే తీసిచ్చినావు, కదా?"

నీలవేణి ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

ముందు వరసలో హేమ పలవరిస్తోంది. వాళ్ళమ్మ తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసి, అది వేడెక్కగానే మళ్ళీ తీసి పిండుతోంది. ఆవిడ ఒక్కసారైనా తాడుకేసి చూసి ఉంటే లక్ష్మణమ్మ పోట్లాటకి దిగి ఉండేది. ఆవిడ చూడలేదు. లక్ష్మణమ్మ కొంతసేపు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చివరికి వంగి ముడి విప్పింది.

నీలవేణి పరుగున వచ్చింది. "ఉండు, నేను తోస్తాను."

"నువ్వు ముట్టుకోకు. నానే తోస్తాను."

ఎర్రన్న మంచం ముందుకి, హేమ మంచం కిటికీ వైపుకి. ఫేను గాలి మొగుడి మీంచి జారిపోతుంటే లక్ష్మణమ్మ ప్రాణం ఉసూరుమంది. టప్. హేమ లేచి కూర్చుని, "అమ్మా, నా చెప్పులేవి?" అంది. అటూ ఇటూ ఉన్న ఇద్దరూ అప్పటికే కాళ్ళు కిందికి దింపారు.

మంచాలు దొర్లడం మొదలైంది. నీలం దుప్పటి కప్పుకున్న దాలయ్య అనే ముసలాయన మంచం నెమ్మదిగా వచ్చి ఎర్రన్న పక్కన ఆగింది. రెండోవైపు ఒక ఖాళీ మంచం వచ్చింది. మంచం తోసిన అలుపుతో లక్ష్మణమ్మ దాని మీద కూలబడింది. ఆమె గుండెలోంచి పిల్లనగోవిలో గాలి ఊదినట్టు సన్నటి కూత వస్తోంది.

నీలవేణి ఆగి విన్నది. ఈసారి అనుమానపు చూపు ఆమెది. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏటి ఎన్నాళ్ళు? అలుపు."

"ఒసే, నిజం సెప్పు" అన్నాడు ఎర్రన్న తల తిప్పి.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "నీకంటే ముందు నించే. ఇద్దరం మంచమెక్కితే గంప ఎవులెత్తుతారు?"

ఎర్రన్న ఆమె వైపు చెయ్యి చాపాడు గానీ అందలేదు. నీలవేణి బీరువాలోంచి నీలం దుప్పటి తెచ్చి మంచం మీద పెట్టి, దూరంగా నిలబడింది. లక్ష్మణమ్మ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. వాసన చూసింది. కప్పుకుంటే జబ్బు మనిషినని నలుగురిలో ఒప్పుకున్నట్టే. నర్సు ముఖంలో మోసమేమైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. పడుకుని, దుప్పటి తానే గొంతుదాకా లాక్కుంది.

టప్.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం బస్టాండుకి నడిచారు. సగం దారిలో లక్ష్మణమ్మ నిలబడిపోయింది. వెనక ఆటో హారను కొడుతున్నా కదల్లేదు.

"ఏటలా నిలబడిపోనావు?" అన్నాడు ఎర్రన్న.

"సప్పుడు లేదు మావా."

"ఏ సప్పుడు?"

ఆమె గుండెల మీద అరచెయ్యి వేసుకుంది. గాలి లోపలికి పీల్చి, వదిలింది. ఇంకాస్త లోతుగా పీల్చి, వదిలింది.

"ఇంత సులువుగా ఎవులిస్తారు? ఇందులో ఏటో మోసం ఉన్నాది" అంది. అని, మళ్ళీ పీల్చింది.