ఆదం చూడాలనుకున్న హెలికాప్టర్

అనకాపల్లిలో గాలిపటాలంటే సైదా సాహెబే. ఊరంతా ఆ మాట ఒప్పుకున్నాక ఆయనకు అది కాస్త తలకెక్కిన సంగతి కూడా నిజమే. కొత్త పటం కట్టాక డాబా ఎక్కి, అది గాలిలో వంక లేకుండా నిలబడేదాకా కొనుక్కునేవాడికైనా చూపించేవాడు కాదు.

అలాంటి మనిషి పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, ముసలితనాన, రేడియోతో నడిచే హెలికాప్టర్ బొమ్మ ఎగరేయడం నేర్చుకోవలసి వచ్చింది. ఓడలో పనిచేసే కొడుకు ఆదానికి జర్మనీలో ఒక స్నేహితుడు సొంతంగా తయారుచేసి ఇచ్చిన బొమ్మ అది. ఎగరేసేలోపే ఆదం మంచం పట్టాడు. తలలో గడ్డ అని, చూపు మెల్లగా పోతుందని, మందు లేదని విశాఖపట్నంలో డాక్టర్లు తేల్చేశారు. చేతులు వణుకుతున్న కొడుకు తండ్రిని ఒక్కటే అడిగాడు. కళ్లుండగా అది లేవడం ఒక్కసారి చూడాలన్నాడు.

మంచం మీదినుంచే పాఠం చెప్పాడు. తోక నీవైపు ఉంచుకో, మోకాలెత్తు దాటనివ్వకు, రేడియో పెట్టె మీది పుల్లను తాకీ తాకనట్టు కదుపు అన్నాడు. సైదా సాహెబ్ బొమ్మ కింద వెదురు బద్దలు అడ్డంగా కట్టి, పక్కింటి రైతు తాతబ్బాయి చెరకు కొట్టేసిన మడికి పట్టుకెళ్లాడు. అది లేచేది, పక్కకి ఒరిగేది. ఒరగ్గానే ఆయన పుల్ల వదిలేసేవాడు. పటం తలకిందులైతే దారం వదలాలి, అదే సర్దుకుంటుంది. ఇన్నేళ్ల చేతికి తెలిసింది అదొక్కటే. ఇది సర్దుకునే రకం కాదు, దబ్బున పడేది. విరిగిన రెక్క చంకన పెట్టుకుని దొంగలా పెరటిదారిన ఇల్లు చేరేవాడు.

ఆదం రోజూ తననీ తీసుకెళ్లమనేవాడు. ఇంకా కుదరలేదు, కుదిరాక చూద్దువుగాని అనేవాడు తండ్రి.

"పడితే పడనీ అబ్బా. పడ్డమే సూత్తాను," అన్నాడోసారి ఆదం తండ్రితో.

సైదా సాహెబ్ వినలేదు. వంకరగా ఎగిరేదాన్ని కన్నకొడుక్కి చూపించడమా? పాడు పట్టుదల. ఎవరికి మిగల్చడానికో ఆ గర్వం.

చివరికి ఒక ఉదయం బొమ్మ గాలిలో మేకు కొట్టినట్టు నిలబడింది. ఆయన పరుగున ఇంటికెళ్లాడు. కోడలు గుల్జార్‌బీ, తాతబ్బాయి కలిసి ఆదాన్ని బండిలో తెచ్చి, గట్టున కుర్చీలో కూర్చోబెట్టారు. కోడలు మామగారితో ఏదో చెప్పబోయింది. ఆదం ఆమె చెయ్యి నొక్కాడు. ఆ సంబరంలో సైదా సాహెబ్ అదేమీ పట్టించుకోలేదు.

ఇంజను స్టార్టయింది. హోరు పెరిగింది, ఎండు చెరకాకు చెదిరింది. రెక్కలు వేగం అందుకునేదాకా ఆగమన్నది కొడుకు చెప్పిన పాఠమే గనక, ఆయన పుల్ల ముట్టకుండా ఆగాడు. బొమ్మ ఇంకా నేలమీదే ఉంది.

"ఎంత బాగా లెగిసింది అబ్బా. కుసింత కూడా ఒరగడం నేదు," అన్నాడు ఆదం, నవ్వుతూ, ఆకాశంకేసి ముఖమెత్తి.

సైదా సాహెబ్ కోడలివైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు కళ్లు ఎప్పుడు పోయాయో. బొమ్మ వంకరగా లేచిన రోజుల్లో ఉండే ఉంటాయి.

"అవున్రా బేటా. పైకి లెగిసింది, సూడు," అన్నాడు. పుల్ల మీదికి చెయ్యి మాత్రం రాలేదు.