రెబెకాకు చోటిచ్చిన ఆటో

నల్లమాడ క్రాసులో పొద్దున్నే శశికుమార్ ఆటో ఆగేది. చెనక్కాయ చేన్లలో కూలికి పోయే ఆడోళ్లు సద్దిగిన్నెలు ఒళ్లో పెట్టుకుని, ఒకరి మీదొకరు ఒరిగి కూర్చునేవాళ్లు. వెనక పట్టనోళ్లు డ్రైవరు సీటులోనే అటొకరు, ఇటొకరు. హనుమక్కది ఎప్పుడూ శశికుమార్ ఎడమపక్క. మొహానికి గాలి కొట్టకుంటే ఆమెకు పనిమీద మనసు పోయేది కాదు. దోవంతా ఎవరి కోడలినో ఆడిపోసుకుంటా, నవ్వుకుంటా పోయేవాళ్లు.

ఆ పక్క ఊర్లలో మెసేజీ తెరిచి చూస్తే, చూసినంతసేపూ దాన్ని పంపిన మనిషి వచ్చి పక్కన కూర్చుంటుంది. మాట్లాడదు. సీటు మాత్రం బరువుకు కుంగుతుంది. చదవడం అయిపోగానే పోతుంది. పంపిన మనిషి తానున్న చోట తన పని చేసుకుంటూనే ఉంటుంది. కాకపోతే ఈడి ఎండా, ఈడి గాలీ ఆమెకు ఆడ తగుల్తాయి.

శశికుమార్ పెండ్లాం రెబెకా చిలమత్తూరు పక్క గార్మెంటు ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తా, హాస్టల్లో ఉండేది. పెండ్లయిన కొత్త. పొద్దున మిషను ముందు కూర్చునే ముందు ఒక మెసేజీ పంపేది. ఆటోలో సీటు కుంగేది.

"జరగండే, కొత్త కోడలొచ్చింది" అనేది వెనక నుంచి అంజనమ్మ.

"దుడ్లిచ్చి ఎక్కినోళ్లకే చోటు లేదు" అని గొణుగుతానే హనుమక్క జరిగేది.

అక్కడ ఫ్యాక్టరీలో, కిటికీలన్నీ మూసిన హాల్లో, రెబెకా జుట్టు ఎగిరేది. "మీ ఆయన బండి మీదున్నాడు చూడు" అని పక్క మిషనామె నవ్వేది.

ఒకరోజు రెబెకా "సద్ది తింటివా?" అని పంపింది. శశికుమార్ చూసినాడు, జవాబివ్వలేదు. ఆమె జుట్టు ఎగిరి ఆగింది. కాసేపటికే "పలకవేం?" అని ఇంకోటి పంపింది. అతను మళ్లీ ఫోను మీదికి వంగినాడు. మళ్లీ సీటు కుంగింది. అలవాటు కొద్దీ హనుమక్క జరగబోయింది. మొదటిదానికే అంచుకు జరిగింది, జరిగేదానికి ఇంక సీటు లేదు. జారిపోకుండా పట్టుకోబోతే ఆమె మోచెయ్యి పోయి హ్యాండిలుకు తగిలింది. ఆటో రోడ్డు దిగి గట్టు కింద పడింది.

మిగిలినోళ్లకు తోలు దోక్కుపోయింది, అంతే. హనుమక్కకు తుంటి ఎముక విరిగింది. ఇంక నడవడం కష్టమేనని డాక్టరు చెప్పినాడు.

హనుమక్క తరపు లాయరు శశికుమార్ మీది కేసులో రెబెకా పేరు కూడా చేర్పించినాడు. రెబెకా లాయరు రాఘవేంద్ర ఆమెను పక్కకు పిలిచినాడు.

"నువ్వు ఆటోలో ఉన్నట్టు ఊరంతా చెప్తారు. అది కాదనలేం. 'అతను బండి తోల్తాన్నాడని నాకు తెలీదు' అను. తెలీక పంపింటే నీది తప్పు కాదు. తెలిసి పంపింటే నీ పేరు తీర్పులోకెక్కుతుంది. ఒక్కమాటమ్మా, అంతే."

కోర్టులో ముందు అంజనమ్మను అడిగినారు.

"హనుమక్క ఎందుకు జరిగింది?" అన్నారు జడ్జి.

"ఆడబిడ్డ వచ్చి మీదబడితే జరక్కుండా ఎట్ల సార్? మీరైతే జరగరా?"

జడ్జి కుర్చీలో కొంచెం సర్దుకున్నారు. రెబెకా వైపు తిరిగినారు.

"రెండోది పంపినప్పుడు, అతను బండి తోల్తాన్నాడని నీకు తెలుసా?"

రాఘవేంద్ర దగ్గినాడు. కుర్చీతో సహా మోసుకొచ్చిన హనుమక్క గోడ పక్కన ఉంది. రెబెకా ఆ పక్కే చూసింది.

"తెలుసు సార్. మొదటిదానికే జుట్టు ఎగిరింది."

"మరి ఎందుకు పంపినావు?"

"ఆ గాలి కోసం సార్. మా ఊరి గాలి హాస్టల్లో యాడొస్తాది?"

హ్యాండిలు పట్టుకున్న వాడిది ఎక్కువ తప్పు, తెలిసి పిలిచిన మనిషిది తక్కువ తప్పు, హనుమక్క వైద్యం ఇద్దరూ చూసుకోవాలని తీర్పు వచ్చింది.

బయట యాపచెట్టు కింద రెబెకా హనుమక్క ముందు గొంతుక్కూర్చుంది.

"అవ్వా, నీ నంబరు చెప్పు."

"ఇంకెవరిని పడేయనీకమ్మీ?"

"నీకు చదవనీకొస్తాదా?"

"పొదుపు సంఘంలో సంతకానికని నేర్పినారు. ఒక్కో అక్షరం పట్టుకుని పాకాల."

"అది చాలవ్వా."

మర్నాటి నుంచి హనుమక్క ఫోను మోగడం మొదలైంది. ఆమె "లే" అని కూడబలుక్కునేసరికి మంచం కుంగేది. "చి" దగ్గరికొచ్చేసరికి రెబెకా లేచి నిలబడేది. హనుమక్క ఒక చేతిలో ఫోను, ఒక చెయ్యి ఆ భుజం మీద వేసి లేచేది. మిగతావాళ్లు చూపుతోనే మెసేజీ అవగొడతారు. హనుమక్కకు ఒక మాటకు వాకిలి దాకా పట్టేది. ఆడ మిషను ముందు రెబెకా భుజం ఒకపక్కకు ఒరిగేది. ఆమె కుట్టు వంకర పోకుండా చూసుకునేది.

చెనక్కాయలు పీకే కాలం వచ్చింది. ఒక పొద్దున, నడవదన్న మనిషి రోడ్డు పక్కకు బయల్దేరింది. ఆటో చప్పుడు, అందులో ఆడోళ్ల నవ్వులు దూరం నుంచి వినబడతాండాయి. రెబెకా ఆ రోజు పెద్ద మెసేజీనే పంపింది గానీ, చివరి అక్షరం వచ్చేసింది, రోడ్డు ఇంకా రాలేదు.

హనుమక్క ఫోను కండ్లకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ మొదటి అక్షరం పట్టుకుంది.