ఒకటి నొక్కిన వేలు

“సమస్య తీరిందని మీకెవరు చెప్పారు?”

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పొయ్యి గట్టు తుడుస్తూ ఆమె అడిగిన ఈ ప్రశ్నకు నెట్ కంపెనీలో ఎవరూ జవాబివ్వలేదు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ, సాయంత్రానికల్లా అది పరిష్కారమైనట్టు వాళ్ల దగ్గర నమోదవుతోంది. హాల్లో మూలనున్న పెట్టె మీద ఎర్రదీపం మాత్రం ఆరిన పాపాన పోలేదు.

“కనెక్షన్ ఎవరి పేరున ఉంది మేడమ్?” అంది అవతలి గొంతు, ఎంతో మర్యాదగా.

“మా ఆయన పేరున.”

“అయితే సార్‌తో మాట్లాడించండి మేడమ్.”

“ఆయన ఆఫీసులో ఉన్నారు. లైను పోయింది ఇక్కడ.”

“మాకు సార్ కన్ఫర్మేషనే కావాలి మేడమ్. ఇంకేమైనా సాయం చేయమంటారా?”

“ఇప్పటిదాకా ఏం చేశారని, ఇంకా?”

ఫోను పెట్టేసింది. సోఫాలో కూర్చుని తన ఫోనులో సీరియల్ చూసుకుంటున్న అత్తగారు తల ఎత్తకుండానే అన్నారు: “పొద్దస్తమానం ఆ తెర ముందే మొహం పెట్టుక్కూర్చుంటావు. దానికీ విసుగొచ్చినట్టుంది.”

ఆమె గట్టు తుడిచిన గుడ్డ పిండి ఆరేసింది. పెళ్లికి ముందు నుంచీ ఆమె లెక్కల టీచరు. పిల్లలు పుట్టాక మానేసిన ఆ పనిని, వాళ్లు ఎదిగాక, పడగ్గది మూలన ఒక బల్ల వేసుకుని, ఒక సంస్థ తరఫున ఆన్‌లైన్లో మళ్లీ మొదలుపెట్టింది. తెర మీద పిల్లలు “టీచర్!” అని పిలిచే ఆ గంట తప్ప, రోజు మొత్తంలో ఆమెను ఆమె పనితో పిలిచేవాళ్లు లేరు. ఇంకొక్క క్లాసు తప్పితే పిల్లల్ని వేరే టీచరుకు అప్పగిస్తామని సంస్థవాళ్లు ఆ ఉదయమే చెప్పారు.

సాయంత్రం భర్త వచ్చి బూట్లు విప్పుతుండగా ఆయన ఫోను మోగింది. స్పీకర్లోంచి రికార్డు చేసిన ఆడగొంతు తియ్యగా పలికింది: “మీ ఫిర్యాదు పరిష్కారమైతే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి.”

ఆయన బొటనవేలు ఒకటి నొక్కింది. కళ్లు బూటు తాడు మీదే ఉన్నాయి.

“ఇన్నాళ్లూ నొక్కుతున్నది మీరేనా?”

“రెండు నొక్కితే వాళ్లు ఓ పట్టాన వదలరు. సవాలక్ష ప్రశ్నలు. మీటింగుల మధ్య నాకదే పనా? లైను దానంతటదే వస్తుందిలే.”

“నా క్లాసు?”

“ఆ క్లాసులు లేకపోతే కొంప మునుగుతుందా? ఎందుకంత రాద్ధాంతం?”

కోపం వస్తుందేమోనని ఆమె ఎదురుచూసింది. రాలేదు. చన్నీళ్లలో చాలాసేపు గిన్నెలు తోమిన వేళ్లలా లోపలంతా మొద్దుబారిపోయి ఉంది. ఆ మొద్దుబారినతనంలోనే, ఒకదాని వెనక ఒకటిగా గొంతులు వినిపించాయి. ప్రసవమయ్యాక నొప్పి తగ్గిందా అని డాక్టరు ఆమెనే అడిగితే, “తగ్గిందండీ” అన్నది ఆయన. కూతురు ఎలా ఉందని ఆమె తల్లి ఫోను చేస్తే, “దానికేం, మహారాణి” అన్నది ఆయన. ఉద్యోగం ఎందుకు మానేసిందని స్నేహితులు అడిగితే, “తనకే ఇంటిపట్టున ఉండాలని” అన్నదీ ఆయనే. ప్రతిసారీ ఆమె పక్కనే నిలబడి ఉంది, చేతిలో మంచినీళ్ల గ్లాసో కాఫీ ట్రేయో పట్టుకుని. ఆమె బదులు ఆయన్ని అడగడం కంపెనీ ఈ మధ్యనే మొదలుపెట్టింది. ఆయన పెళ్లయిన నాటి నుంచీ ఆమె తరఫున ఒకటి నొక్కుతూనే ఉన్నాడు.

మర్నాడు వంట ముగించి, వేరే కంపెనీ దుకాణానికి వెళ్లింది.

“ఎవరి పేరున మేడమ్?” కౌంటర్లో అమ్మాయి అడిగింది.

“నా పేరున.”

“కన్ఫర్మేషన్ కాల్ సార్ నంబరుకా?”

“కాదు. నాకు.”

కొత్త పెట్టె చూసి భర్త నొసలు చిట్లించాడు. “ఒక్క ఇంటికి రెండు లైన్లేంటి?”

“పాతది మీకుంచాను. బాగానే ఉందన్నారుగా.”

కొత్త లైను వచ్చేసరికి ఆ పిల్లలు వేరే టీచరు దగ్గరికి వెళ్లిపోయారు. ఆమె కొత్త పిల్లలతో మళ్లీ మొదటి లెక్క నుంచి మొదలుపెట్టింది. పచ్చదీపం వెలిగిన కాసేపటికే ఆమె ఫోను మోగింది, సమస్యేమైనా ఉందా అని. అలాంటి ప్రశ్నకు జవాబు ఆమె చేతికే రావడం అదే మొదటిసారి. ఏం నొక్కాలో తోచక ఆమె వేలు ఒకటికీ రెండుకీ మధ్య ఆగింది.

అలాంటి ఫోను మీకూ వస్తుంది. ఒకటి నొక్కబోయే ముందు లేవండి, లోపలికి వెళ్లి మీ ఇంట్లో ఆమెను అడగండి. ఆమె నోరు విప్పి చెప్పేదాకా, ఆ వేలు ఎత్తే ఉంచండి.